ఏనుగుపిల్ల ఆటా, మా అత్తమ్మ అనుమానమూ

పోయిన వారం గ్రాంట్ రోడ్ స్టేషన్ పక్కనున్న మొబైల్ దుకాణంలో మా అమ్మాయి నాకు కొత్త ఫోన్ కొనిపెట్టింది. పాత ఫోన్‌లో ఉన్నవన్నీ కొత్తదాంట్లోకి ఎక్కిస్తూ దుకాణం అతను, ఫోటోలొచ్చాయి, నంబర్లొచ్చాయి, ఈ ఒక్క గేమ్ మాత్రం రాదు ఆంటీ, ఇది బాగా పాతది, ఇప్పటి ఫోన్లు దీన్ని తీసుకోవు అన్నాడు. తెర మీద అరటిగెల వైపు దొర్లుకుంటూ పోయే గుండ్రటి ఏనుగుపిల్ల బొమ్మ చూసి, ఇంట్లో చిన్నపిల్లల కోసం పెట్టుకున్నారేమో, పోతే పోయింది అన్నట్టు నవ్వాడు. నేనూ నవ్వి ఊరుకున్నాను. ఒకప్పుడు లోకల్ బండి లేడీస్ డబ్బాలో ఏ మూల చూసినా ఆ ఏనుగుపిల్లే దొర్లేదనీ, అది జనంలోకి రాకముందు నెలల తరబడి దాన్ని దొర్లించింది నా వేలేననీ, దాని మూలంగానే ఒకనాడు నన్ను దొంగను చూసినట్టు చూశారనీ అతనికి చెప్పి ఏం చేయను? నా ఈడువాళ్ళతోనైతే చెప్పుకోవచ్చు. అప్పటి రోజులు ఎలాంటివో, ఒక ఆడమనిషి కొత్తగా ఉద్యోగానికి బయలుదేరితే ఒకే గ్యాలరీ వరండా మీద వరసగా గదులున్న మా చాల్ మొత్తం ఎన్ని కళ్ళతో చూసేదో మీకు తెలుసు.

మాది కామాఠీపురా. మా ముత్తాతల కాలంలో పాలమూరు నుంచి వచ్చి ఈ బంబయి ఊళ్ళో రాళ్ళు మోసి గోడలు లేపినవాళ్ళ సంతానం మేము. పుట్టింది ఒక చాల్‌లో, మెట్టింది అదే గల్లీలో ఇంకో చాల్‌లో. పెళ్ళినాడు అప్పగింతలప్పుడు మా అమ్మ ఏడుస్తుంటే, ఎందుకమ్మా, గ్యాలరీలోకొచ్చి నిలబడితే నేను కనిపిస్తానుగా అని నేనే ఓదార్చానట. మా ఆయన ఆసుపత్రిలో లిఫ్టు నడిపేవాడు. మాట తక్కువ, నవ్వు తక్కువ, కోపం ఇంకా తక్కువ. ఇంటికి పెద్ద మా అత్తమ్మ. వయసులో ఉన్నప్పుడు కట్టడాల మీద ఇటుకలు మోసిన మనిషి, మోకాళ్ళు అరిగాక గ్యాలరీలో ఒక పీట వేసుకుని కూర్చుని, మెట్లెక్కే ప్రతి మనిషినీ కింది నుంచి పైదాకా చూసేది. పాలవాడు మారితే పాతవాడేమయ్యాడని అడిగేది, ఎవరింటికైనా కొత్త చుట్టం వస్తే ఏ ఊరు, ఎవరి తాలూకు, ఎన్నాళ్ళుంటారని ఆరా తీసేది. ఎవరైనా విసుక్కుంటే ఆమెకు అనుమానం ఇంకా పెరిగేది.

నేను అప్పట్లో స్టేషన్ దగ్గర ఒక జిరాక్స్ దుకాణంలో పనిచేసేదాన్ని. అది మొదట ఫోన్ బూత్. అందరి చేతుల్లోకీ సెల్ ఫోన్లు వచ్చాక బూత్ మూతబడి జిరాక్స్ మిషన్ ఒకటే మిగిలింది. దాన్ని కూడా యజమాని ఇవాళో రేపో ఎత్తేస్తాడని నాకు తెలుస్తూనే ఉంది. ఆ దుకాణానికి ఒక మరాఠీ అమ్మాయి వచ్చేది. చేతినిండా బొమ్మల కాగితాలు. ఏటవాలు చెక్కలు, గుండ్రాళ్ళు, గుంటలు, వాటి మధ్య ఒక ఏనుగుపిల్ల. ఏం బొమ్మలో నాకు తెలియదు గానీ, మిషన్‌లో పెడుతూ చూసేదాన్ని కదా, ఒకసారి ఈ కాగితంలో ఏనుగు చెవి ఇటుంది, దీంట్లో అటుంది అన్నాను, ఇంకోసారి ఈ రాయి కింద ఏమీ లేదు, మరెలా నిలబడిందన్నాను. ఆ అమ్మాయి కాగితాలు మార్చి మార్చి చూసుకుని పెద్దగా నవ్వింది. తర్వాత కొన్నాళ్ళకు, అక్కా అన్నట్టు తాయీ అని పిలిచి, మా ఆఫీసులో ఒక ఉద్యోగముంది, వస్తావా అని అడిగింది. ఏం పనమ్మా అంటే, ఫోన్‌లో ఆట ఆడాలి, ఎక్కడ చెడిపోతోందో చెప్పాలి, అంతే అంది.

చదివేవాళ్ళకు ఇది అదృష్టంలా కనిపించవచ్చు. నాకు మాత్రం భయమేసింది. ఆడపిల్లలను అమ్మే కొనే ఇళ్ళ మధ్య, మా వీధుల్లో పుట్టి పెరిగిన ఆడవాళ్ళకు, పని సులువు, కూర్చునే ఉద్యోగం, రేపే రమ్మన్నారు అనే మాటలు వినపడగానే ముందు ఆ మాట అన్న మనిషి వెనుక ఎవరున్నారో చూడటం అలవాటు. నేను ఆ అమ్మాయి వెనుక చూశాను. ఎవరూ లేరు. చెప్పుల వంక చూశాను, సంచి వంక చూశాను. సంచిలోంచి గొడుగు పిడి, టిఫిన్ డబ్బా మూత కనిపిస్తున్నాయి. మోసం చేసేవాళ్ళు టిఫిన్ డబ్బా మోయరని ఎందుకో అనిపించింది. అయినా ఇంట్లో అడిగి చెప్తానన్నాను.

ఇంట్లో మా ఆయన, పోయి చూసి రా అన్నాడు. అత్తమ్మ మాత్రం కలుపుతున్న అన్నం వదిలేసి నా వంక చూసింది.

"ఆట ఆడితే పగార్ ఎవడిస్తడే? ఆడిపిచ్చెటోడు ఏం ఆడిపిస్తడో నీకేమెర్క?"

జీతాన్ని మేము పగార్ అనే అంటాం. నా లోపలున్న ప్రశ్న కూడా అదే. ఆ తర్వాత ఆమె ఎప్పుడూ చెప్పని ఒక సంగతి చెప్పింది. తను పనికి పోయే రోజుల్లో వెనుక గల్లీలో నల్లా దగ్గర నీళ్ళు పడుతుంటే, ముఖం నిండా పౌడర్ వేసుకున్న ఒక పిల్ల బిందె పట్టుకుని పక్కన నిలబడి, ఈమె మాట విని, అక్కా నీది పాలమూరు దిక్కేనా అని తెలుగులో అడిగిందట. ఆసుపత్రిలో ఆయా పని ఉందని చెప్పి తీసుకొచ్చారట ఆ పిల్లను. అత్తమ్మ మర్నాడు మామయ్యను వెంటబెట్టుకుని, ఆ పిల్ల చూపించిన ఇంటికి పోయేసరికి అక్కడ ఆమె లేదు, అలాంటి పిల్ల ఎవరూ రాలేదన్నారు. ఊరి పేరైనా అడగకపోతిని అని అత్తమ్మ అన్నం ముద్ద చేతిలోనే పెట్టుకుని కూర్చుంది. ఆమె అనుమానానికి వేరెక్కడుందో నాకు ఆ రోజు తెలిసింది. అందుకే, ఆ ఆఫీసుకు నీతో నేనొస్తానని అన్నప్పుడు, సిగ్గనిపించినా వద్దనలేదు.

ఆఫీసు లోయర్ పరేల్‌లో, ఒక మూతపడిన మిల్లు ఆవరణలో ఉండేది. నేతమగ్గాలు ఆడిన చోట గాజు తలుపులు బిగించి, లోపల చల్లగా, వరసగా కుర్చీలు. అంతా పాతికేళ్ళ లోపు పిల్లలు, చెవుల్లో వైర్లు. అత్తమ్మ ముందు గదిలో సోఫా మీద కాళ్ళు పైకి పెట్టుకుని, కొంగు తల మీదికి లాక్కుని కూర్చుంది. ఎవరు లోపలికి పోతున్నారు, ఎంతసేపటికి బయటికొస్తున్నారు, ఏ గదికి లోపలి నుంచి గడియ ఉంది, వెనుక ఇంకో దారి ఉందా అన్నీ చూసింది. నీళ్ళ వంకతో లేచి ఆఫీసంతా ఒక చుట్టు చుట్టి వచ్చింది. బొమ్మల అమ్మాయి చాయ్ తెచ్చిస్తే ముందు వాసన చూసి, ఆ అమ్మాయి కూడా అదే కెటిల్‌లోంచి తాగాకనే తాగింది. సాయంత్రం బండిలో, ఏమనుకుంటున్నావు అత్తమ్మా అని అడిగితే, ఇంక చూడాలె అంది. అట్లా చాలా రోజులు వచ్చింది. ఆఫీసు పిల్లలు ఆమెకు ఆజీ, అంటే అమ్మమ్మ, అని పేరు పెట్టి, వస్తూ పోతూ పలకరించడం మొదలుపెట్టారు. చివరికి ఒక పొద్దున, మోకాలు నొప్పిగా ఉంది, నువ్వే పో అని పీట మీదే కూర్చుండిపోయింది. నొప్పి రోజూ ఉండేదే. నా మనసు కుదుటపడింది.

ఇక ఆ పని సంగతి. మన వేలితో తెర మీద గీత గీస్తే, ఆ గీత చెక్కగా మారి, నిజం చెక్కలాగే బరువుతో కింద పడుతుంది. దాని మీద రాయి దొర్లితే ఒక కొస పైకి లేస్తుంది. ఆ ఏటవాలు మీదుగా ఏనుగుపిల్ల దొర్లి, గుంటలో పడకుండా అరటిగెల దగ్గరికి చేరాలి. అంతే ఆట. బరువు, వాలు, జారుడు, అన్నీ మన చుట్టూ ఉన్న లోకంలో ఎట్లా ఉంటాయో అట్లాగే ఉండాలన్నది దాని నియమం. నా పనల్లా అట్లా లేని చోటు పట్టుకోవడం. ఒక్కోసారి రాయి చెక్కలోంచి దూరి పోయేది. ఒక్కోసారి ఏనుగుపిల్ల గాలిలో వేలాడుతూ ఆగిపోయేది. ఇంకోసారి గోడ మూలకు తగిలి, మనం ఏమీ చేయకుండానే అరటిగెల మీదికి ఎగిరి కూర్చునేది, అప్పుడు తెర మీద చప్పట్లు కూడా మోగేవి. ఆ చప్పట్లను నమ్మకూడదని బొమ్మల అమ్మాయి నేర్పింది. అందుకని ఎవరూ ఆడని పద్ధతుల్లో ఆడేదాన్ని. ఏనుగు నెత్తి మీదే చెక్క గీసేదాన్ని, ఫోన్ తలకిందులు చేసేదాన్ని, ఆట మధ్యలో ఇంకో ఫోన్ నుంచి దానికే ఫోన్ చేసేదాన్ని. గెలిచిన ప్రతిసారీ, ఇది నిజంగా గెలుపేనా అని అనుమానపడాలి. అత్తమ్మ దగ్గర కాపురం చేసినదాన్ని, నాకది కొత్త విద్యేమీ కాదు. ఆ పని నాకెంత నచ్చిందంటే, కూరగాయల బండి మీద వంకాయలు పేర్చి ఉంటే ఏది తీస్తే ఏది దొర్లుతుందా అని చూస్తూ నిలబడిపోయేదాన్ని.

గ్యాలరీలో మాత్రం గుసగుసలు మొదలయ్యాయి. పొద్దున తయారై పోతుంది, చల్లటి ఆఫీసట, పనేమిటంటే ఆటట. చెప్పేవాళ్ళు చెప్తూనే పెదవి విరిచేవాళ్ళు. ఎవరో ఒకామె మా అమ్మతోనే, నీ బిడ్డ ఏం కొలువు చేస్తోందో తెలుసుకున్నావా అందట. ఆట ఇంకా జనంలోకి రాలేదు కాబట్టి చూపించేందుకు నా దగ్గర ఏ రుజువూ లేదు. కొన్నాళ్ళకు ఆట సగం తయారయ్యాక, ఇంట్లో కూడా ఆడి చూడమని ఆఫీసు వాళ్ళు మాకు కొందరికి ఫోన్లు ఇచ్చారు. నేను అది తెచ్చి గ్యాలరీలో అందరికీ చూపించాను. ఆడవాళ్ళు మూగారు, ఆడారు, నవ్వారు. పక్క ఖోలీ, అంటే పక్క గదిలో ఉండే వదిన మరిది, ధారావిలో ఫోన్లు బాగుచేసే కార్ఖానాలో పనిచేసేవాడు, అతను కూడా ఫోన్ తీసుకుని అటూ ఇటూ తిప్పి, ఇది ఎక్కడా దొరకదే, ఎట్లా వచ్చిందని అడిగాడు. గొప్పగానే చెప్పాను, మేమే తయారుచేస్తున్నామని.

ఈలోపు వానల్లో ఒక రోజు బండ్లు ఆగిపోయాయి. ఆఫీసు పెద్ద సారు తన కారులో మమ్మల్ని కొందరిని ఇళ్ళ దగ్గర దింపుతూ, చివరికి నా ఒక్కదాన్ని తీసుకొచ్చాడు. ఎవరడిగినా గ్రాంట్ రోడ్‌లో ఉంటామని చెప్పడం మా అందరికీ చిన్నప్పటి నుంచీ అలవాటు. ఆఫీసులోనూ అట్లాగే చెప్పాను. వంతెన దగ్గర దిగుతానంటే, ఈ నీళ్ళలోనా, ఇంటిదాకా దింపుతానన్నాడు. మంచి మనసుతోనే అన్నాడు. మలుపు తిరిగి మా వీధిలోకి రాగానే, గుమ్మాల్లో నిలబడ్డ ఆడవాళ్ళను చూసి అతను మాట ఆపేశాడు. కారు తలుపులు నాలుగూ టక్కున లాక్ పడిన చప్పుడు వినిపించింది. నేను దిగడానికి మళ్ళీ అతనే తెరవాల్సి వచ్చింది. ఇక్కడ మామూలు కుటుంబాలు కూడా ఉంటాయని చెబుదామని నోటిదాకా వచ్చింది, ఎందుకు చెప్పుకోవాలని ఊరుకున్నాను.

మర్నాటి నుంచి ఎవరూ ఒక్క మాట అనలేదు. అనకపోవడమే తెలిసిపోయేది. కాగితాలిచ్చేటప్పుడు చేతికివ్వకుండా బల్ల మీద పెట్టేవారు. నేను పోతే రెండు కుర్చీల మధ్య మాటలు ఆగేవి. ఇది నిజమా, నా భ్రమా అని పదేపదే అనుకున్నాను. అప్పటికి ఆరు నెలలుగా అనుమానించడమే పనిగా ఉన్నదాన్ని, నా కళ్ళను నేను ఎంతవరకు నమ్మాలి?

ఆట విడుదలకు ఇంకా కొన్ని రోజులున్నాయనగా, ఆఫీసులో ఎవరి ఫోన్‌లోనో ఇంకో ఆట కనిపించింది. దాంట్లో ఏనుగుపిల్ల బదులు ఎలుగుబంటి పిల్ల, అరటిగెల బదులు తేనెపట్టు. మిగతాదంతా మాదే. అవే చెక్కలు, అవే గుంటలు, అవే వాలులు. ఆఫీసంతా ఆ ఫోన్ చుట్టూ మూగింది. ఎవరో లోపలి నుంచి బయటికి ఇచ్చేశారు. ఫోన్లు ఇంటికి తీసుకెళ్ళేవాళ్ళం కొందరం ఉన్నామని చెప్పాను కదా. పెద్ద సారు గదిలోకి పిలిచింది మాత్రం నన్ను ఒక్కదాన్నే. చాలా మర్యాదగా, హిందీలో, మీ ఇంటి దగ్గర ఎవరెవరు ఉంటారు, ఫోన్ ఎవరైనా చూశారా, ఎవరి చేతికైనా ఇచ్చారా అని అడిగాడు. చూపించాను సార్ అన్నాను. అబద్ధం చెప్పడం నాకు తోచలేదు. ఆయన ఫోన్ తీసుకుని సొరుగులో పెట్టి, విషయం తేలేదాకా ఇంట్లోనే ఉండమన్నాడు. బయటికొస్తుంటే సంచి ఒకసారి చూపించమన్నారు. చూపించాను. టిఫిన్ డబ్బా తెరిచి మరీ చూశారు.

ఇంటికొచ్చే దారిలో నాకు కలిగిన ఆలోచన గురించి చెప్పాలి. మెట్లెక్కుతూ నేను మొదట చూసింది పక్క ఖోలీ తలుపు వంక. ధారావి కార్ఖానా, ఫోన్లు విప్పే చేతులు, ఇది ఎక్కడా దొరకదే అన్న మాట, అన్నీ వరసగా గుర్తొచ్చాయి. ఆ వదిన పెట్టిన ఊరగాయ మా ఇంట్లో ఉంది, ఆమె మరిది మా అమ్మాయికి సైకిల్ నేర్పాడు, అయినా ఆ తలుపు నాకు కొత్తగా, వేరేగా కనిపించింది. అత్తమ్మకు జరిగిందంతా చెప్పి, అతన్ని పిలిచి అడుగుతానన్నాను. ఆమె పీట నా వైపు జరుపుకుంది. ఆమెకు నా మీదే అనుమానమొచ్చిందేమో, ఇన్నాళ్ళూ అనుకున్నదే అయిందంటుందేమోనని నేను ఎదురుచూస్తున్నాను.

"ఆళ్ళు నిన్ను అడిగినట్టే నువ్విప్పుడు ఆయన్ని అడుగుతవా?" అంది. తర్వాత గొంతు తగ్గించి, "నేను నీ మీద శక్ పడ్డ. నా ఇంటి పిల్లవు గనక పడ్డ. ఆళ్ళకేం హక్కున్నదే?" అంది.

నేను పక్క ఖోలీ తలుపు కొట్టలేదు. ఆ మనిషికి ఈ సంగతి ఇప్పటికీ తెలియదు.

మర్నాడు అత్తమ్మ పండుగలకు కట్టే చీర కట్టుకుని, మోకాలికి గుడ్డ చుట్టుకుని, పద అంది. ఆఫీసుకు పోయి అదే సోఫా మీద కాళ్ళు పైకి పెట్టుకుని కూర్చుంది. పలకరించే పిల్లలు ఆ రోజు తలలు వంచుకుని పోయారు. పెద్ద సారు వచ్చి, ఈమె ఎందుకొచ్చిందన్నట్టు నా వంక చూశాడు. అత్తమ్మకు బంబయి హిందీ బాగానే వచ్చు, కానీ ఆ రోజు తెలుగులోనే మాట్లాడి, నన్ను చెప్పమంది.

"చెప్పు ఆయనకు. మీ మీద నాకు శక్ ఉండె. గందుకే ఈడ దినాల కొద్దీ కూసున్న, చూసిన, నా శక్ పోయింది. మీకు మా మీద శక్ ఉంటే మా గల్లీకొచ్చి కూసోండ్రి. కూసోకుండ, చూడకుండ శక్ పడుడు ఏం న్యాయం?"

నేను హిందీలోకి మార్చి చెప్పాను. ఒక్క మాట కూడా వదల్లేదు. పెద్ద సారు కళ్ళద్దాలు తీసి తుడుచుకుని, విచారిస్తున్నాం అన్నాడు. అత్తమ్మ లేచి కొంగు సవరించుకుంది. వెనక్కి తిరిగి చూస్తే అద్దాల అవతల బొమ్మల అమ్మాయి తన కుర్చీలోంచి లేచి నిలబడి మమ్మల్నే చూస్తోంది. ఆ చూపులో ఏముందో నాకు అర్థం కాలేదు. ఆ అమ్మాయిని కూడా అనుమానించే స్థితిలోనే ఉన్నాను నేను.

తర్వాత కొన్ని రోజులు ఎట్లా గడిచాయో అడక్కండి. మధ్యాహ్నం పూట ఇంట్లో ఉంటే గ్యాలరీలో అందరికీ కనిపిస్తాను కదా. కొలువు పోయిందా అని ఒకరు, ముందే అనుకున్నాం అని ఇంకొకరు. అత్తమ్మ పీట మీద నుంచి వాళ్ళ వంక ఒక్కసారి చూస్తే ఆ మాటలు గొంతులోనే ఆగిపోయేవి.

అట్లాంటి ఒక మధ్యాహ్నం, అడ్రస్ అడుక్కుంటూ బొమ్మల అమ్మాయి మా చాల్‌కు వచ్చింది. ఒంటరిగా మా వీధి మొదలు నుంచి నడిచొచ్చి, చీకటి మెట్లు తడుముకుంటూ పైకొచ్చింది. గ్యాలరీలో ఆడవాళ్ళంతా గుమ్మాల్లోకొచ్చి, ఆనాడు ఆఫీసులో అత్తమ్మ చూసినట్టే ఆ అమ్మాయిని కింది నుంచి పైదాకా చూశారు. లోపల చాప మీద కూర్చుని, ముందు గ్లాసెడు నీళ్ళు తాగి, చెప్పింది. ఆ దొంగ ఆటను మొదటి నుంచి చివరిదాకా ఆడి చూశానని, దాంట్లో మా ఆట రెండో సగం కూడా ఉందని, నా ఫోన్‌లో ఉన్నది మొదటి సగమేనని. నీ దగ్గర లేనిది నువ్వెట్లా ఇవ్వగలవు తాయీ అంది. అదే మాట పెద్ద సారుతో అని, ఆట మొత్తం ఇంకెవరి దగ్గరుందో వెతికించిందట. ఆటకు పాటలు, చప్పుళ్ళు కట్టడానికి బయటివాళ్ళకు ఇచ్చారు. మంచి పేటలో, సముద్రం కనిపించే ఆఫీసు. వాళ్ళ దగ్గర నుంచే పోయింది. వాళ్ళను అడగాలని ఎవరికీ తోచలేదు. రేపటి నుంచి రమ్మన్నారు, అంది.

అత్తమ్మ జొన్నరొట్టె, పప్పు పళ్ళెంలో పెట్టి ఆ అమ్మాయి ముందుంచి, సారు ఎందుకు రాలేదని అడిగింది. ఆ అమ్మాయి తల వంచుకుంది. అత్తమ్మ, తిను బిడ్డా అని నెయ్యి వేసింది.

పోవాలా వద్దా అని నేను చాలా తర్జనభర్జన పడ్డాను. పౌరుషం ఒకవైపు లాగింది. కానీ ఆ చెక్కలూ రాళ్ళూ నా చేతి కింద పెరిగినవి, ఇంకా పట్టుకోవలసిన తప్పులు మిగిలి ఉన్నాయి. పోయాను. పెద్ద సారు క్షమించమనలేదు. కుర్చీ నా వైపు జరిపి, రండి అన్నాడు, అంతే. నేను కూర్చోకముందే, నేను గ్రాంట్ రోడ్‌లో ఉండను సార్, కామాఠీపురాలో ఉంటాను అన్నాను. తెలుసు అన్నాడు. నేను చెప్పలేదు కదా, అందుకే చెప్తున్నానన్నాను. ఆ రోజు నుంచి ఎవరడిగినా మా పేట పేరే చెప్పాను. చెప్పినప్పుడల్లా ఎదుటి మనిషి కళ్ళలో ఏదో కదిలేది, ఇప్పటికీ కదులుతుంది.

ఆట విడుదలైంది. ఎలుగుబంటి ఆటను ఎవరూ పట్టించుకోలేదు, ఏనుగుపిల్లను మాత్రం జనం ఎత్తుకున్నారు. పొద్దుటి లోకల్‌లో నిలబడటానికి చోటు లేకపోయినా ఒక చేత్తో కడ్డీ పట్టుకుని, ఇంకో చేతి బొటనవేలితో గీతలు గీసేవాళ్ళు. దాదర్‌లో మన తెలుగువాళ్ళ సభకు పోతే, ముందు వరసలో కూర్చున్న పెద్దావిడ చేతి సంచి చాటున ఏనుగును దొర్లిస్తోంది. గ్యాలరీలో పెదవి విరిచినవాళ్ళే, ఈ రాయి ఎట్లా దాటాలో చెప్పవా అని వచ్చారు. నేను చెప్పేదాన్ని కాదు, చెబితే ఆటేముంది? అత్తమ్మ కూడా నేర్చుకుంది. రాయి దొర్లుతుంటే అది దొర్లే వైపే ఆమె ఒళ్ళు కూడా ఒరిగిపోయేది. గెలిచాక చప్పట్లు మోగితే నా వంక తిరిగి, నిజమేనా అని అడిగేది. నిజమే అత్తమ్మా అంటే గానీ తర్వాతి దానికి పోయేది కాదు.

కొన్నేళ్ళకు ఆ ఆఫీసును ఇంకెవరో పెద్దవాళ్ళు కొని బెంగళూరుకు తీసుకుపోయారు. నేను పోలేదు. అత్తమ్మ మంచాన పడింది అప్పటికే. ఆమె పోయి కూడా చాలా కాలమైంది. మా చాళ్ళ గోడల మీద ఇప్పుడు సర్వే వాళ్ళు వేసిన ఎర్రరంగు అంకెలున్నాయి. కూలగొట్టి టవర్లు కడతారట, ఎప్పుడో తెలియదు, కడితే మాకు చోటిస్తారో లేదో అది అసలే తెలియదు. సగం మంది ముందే ఊరి చివర విరార్ వైపు వెళ్ళిపోయారు. మొన్న అటు వెళ్ళిపోయిన మా పక్క ఖోలీ వదినను చూడ్డానికి పోయాను. గేటు దగ్గర కాపలా మనిషి నా ఫోటో తీసుకున్నాడు, నంబరడిగాడు, ఫోన్‌కు వచ్చిన అంకెలు చెప్పమన్నాడు, అప్పుడు గాని లోపలికి వదల్లేదు. లిఫ్టులో కెమెరా, వరండాలో కెమెరా. అన్ని తలుపులూ మూసి ఉన్నాయి. ఎవరూ తల బయటికి పెట్టి ఎవరి తాలూకు, ఎన్నాళ్ళుంటావని అడగలేదు. వదిన తలుపు తీసి నన్ను చూసి ఏడ్చింది. ఇక్కడ ఎవరూ నన్ను ఏమీ అడగరు వదినా అంది.

మా అనుమానాల్లో తప్పులున్నాయి, గాయాలూ ఉన్నాయి, కాదనను. కానీ ఆ రోజుల్లో మమ్మల్ని అనుమానించిన మనిషికి మా పేరు తెలుసు, మేము ఇంటికి చేరేదాకా అన్నం తినకుండా కూర్చోవడమూ తెలుసు. ఆ సాయంత్రం విరార్ బండిలో తిరిగొస్తూ, నేను ఎక్కడికి పోయానో, ఎందుకు ఆలస్యమైందో అడిగేవాళ్ళు ఇంటి దగ్గర ఎవరూ లేరు కదా అనుకున్నాను. మా ఆయన నిద్రపోతుంటాడు, అమ్మాయి పనిలో ఉంటుంది. అయినా అడిగితే ఏం చెప్పాలా అని దారి పొడుగునా జవాబు కూర్చుకుంటూనే వచ్చాను.